సుశీల టీచర్ విమానం

వేడి గమ్ము ఫోమ్ మీద పడగానే సుయ్‌మని ఒక వాసన లేస్తుంది. కరీంనగర్‌లో కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టే నా వైండింగ్ షాపు పక్కనే ఒకాయన పెళ్లి మంటపాల కోసం ఫోమ్ షీట్లతో పూలు, నెమళ్లు చేస్తాడు. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే ఆ వాసన నా షాపులోకి వస్తుంది. రాగి తీగ చుడుతున్న చేయి ఆగిపోతుంది. ముందు నా చెవులు వేడెక్కుతాయి, ఆ తర్వాతే సుశీల టీచర్ గుర్తుకొస్తారు. మేలు చేసిన మనిషిని తలుచుకుంటే మొదట ప్రేమ రావాలి. ఆమె విషయంలో నాకు మొదట వచ్చేది సిగ్గు. నేను తలెత్తలేక బతికిన రోజుల్లోనే ఆమె నాకు దగ్గరయ్యారు మరి.

మాది హుస్నాబాద్ దగ్గర పల్లె. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి, మా ఊరివాళ్లు చాలామంది పోయినట్టే నేనూ గల్ఫ్ పోయాను. కడుతున్న పెద్ద భవనంలో వైరింగ్ పని. లోపల పని చేసినన్నాళ్లు బాగానే ఉంది. ఒకరోజు బయటివైపు పరంజా మీద నిలబడి లైట్లు బిగించమన్నారు. కిందికి చూశాను. ఇనుప పైపును పట్టుకున్న చేతులు వదలమంటే వదల్లేదు. చివరికి ఇద్దరు మనుషులు నా నడుముకు తాడు కట్టి దూడను దించినట్టు దించారు. నేల మీదికి వచ్చేసరికి నా ప్యాంటు తడిసి ఉంది. చుట్టూ నిలబడి చూసినవాళ్లలో మా జిల్లావాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత నిచ్చెన ఎక్కాలన్నా నాకు కాళ్లు రాలేదు. కంపెనీ వెనక్కి పంపించింది.

మా బాపు ఊళ్లో అందరికీ "సుట్టి మీద వచ్చిండు" అని చెప్పాడు. సెలవు మీద వచ్చినవాడు చుట్టాల ఇళ్లు తిరుగుతాడు, మంచి చొక్కా వేసుకుని బస్టాండు దగ్గర నిలబడతాడు, కొన్నాళ్లకు తిరిగి పోతాడు. నేను లోపలి గదిలోంచి కదిలేవాణ్ణి కాదు. నెలలు గడిచిన కొద్దీ ఆ అబద్ధాన్ని మోయడం బాపుకే బరువైంది. "ఇంక పోలేదా మీవోడు" అని ఎవరైనా వాకిట్లో ఆగి అడిగితే, "వీసా లేటైతుంది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన తల కిందికి దించుకుంటాడని గోడకు ఇవతల ఉన్న నాకు చూడకుండానే తెలిసేది.

మా వెనకింట్లో సుశీల టీచర్ ఉండేవారు. హైస్కూల్లో వ్యాయామ టీచర్‌గా పనిచేశారు. నేను వేరే బడిలో చదివాను కాబట్టి నాకు ఆమె టీచర్ కారు. కానీ ఆమె విజిల్ ఎరగనివాళ్లు మా చుట్టుపక్కల లేరు. వయసులో ఉన్నప్పుడు బల్లెం విసిరేవారట, జిల్లా తరఫున ఆడారట. పెళ్లి చేసుకోలేదు. రిటైర్మెంటుకు ఇంకా టైం ఉండగానే ఉద్యోగం మానేసి ఒంటరిగా ఉంటున్నారు. ఎందుకు మానేశారో ఎవరికీ తెలియదు. బయటికి వస్తే రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నడిచేవారు. అది ఆమె పొగరని అనుకునేవాళ్లు.

ఒక సాయంత్రం తెల్లటి ఫోమ్ విమానం ఒకటి మా పెరట్లో బర్రెల కొట్టం ముందు వచ్చి పడింది. ఎగ్జిబిషన్లలో అమ్మే, చేత్తో విసిరితే గాలిలో తేలుతూ పోయే బొమ్మ. మూరెడు పొడవుంటుంది. దాని వెనకే టీచర్ తడిక తోసుకుని వచ్చారు. నేను లోపలికి తప్పుకునే సందు దొరకలేదు.

"నువ్వు కరెంటు పని నేర్చినవంట గద" అన్నారు.

"నేర్చిన, టీచర్."

"దీనికి మోటారు పెట్టాలె. రిమోటుతోని ఎగరాలె. చేస్తవా?"

"గిది విసిరే బొమ్మ గద టీచర్. విసిరితే మంచిగనే పోతది."

ఆమె కాసేపు ఆ బొమ్మనే చూశారు. "నేను విసిరితే ముక్కు మీద పడుతది. సామాన్లన్ని తెప్పిచ్చిన. రేపు పొద్దుగాల రా."

బయటికి రావాలంటే నాకెంత కష్టమో చెప్పబోయి ఆగిపోయాను. ఆమే అన్నారు: "ఎనుక దర్వాజ తీసి పెడుత. అట్ల రా."

మర్నాడు పోయేసరికి చాప మీద సామాను పరిచి ఉంది. బొటనవేలంత మోటారు, దానికి ప్లాస్టిక్ ఫ్యాను, చిన్న బ్యాటరీ, రిమోట్ చెప్పినట్టు వినే రిసీవరు, తోకను కదిలించడానికి ఇంకా చిన్నవి రెండు మోటార్లు. ఫోన్‌లో వీడియోలు చూసి ఒక్కొక్కటీ తెప్పించుకున్నారట. తోక వెనక అంచును బ్లేడుతో కోసి, తలుపు రెక్కలా ఆడేటట్టు టేపుతో మళ్లీ అతికించాలి. దాన్ని సన్నటి తీగతో చిన్న మోటారుకు కలపాలి. ముక్కు కోసి, ఐస్‌క్రీం పుల్లలతో పెద్ద మోటారుకు పీట చేయాలి. గమ్ము ఎక్కువ పడితే బరువు, తక్కువైతే ఊడుతుంది, మరీ వేడిగా ఉంటే ఫోమే కరిగిపోతుంది. మొదటి రోజే ఒక రెక్కకు గుంట పెట్టి, తిట్లు పడతాయని తల వంచుకుని కూర్చున్నాను.

"పోనియ్. ఎగిరెటప్పుడు గుంట ఎవలకు కనవడుతది" అన్నారు టీచర్.

అలా రోజూ పోయేవాణ్ణి. ఆమె కుర్చీలో కూర్చుని ఎక్కడ కోయాలో, ఎంత కోయాలో చెప్పేవారు. చేతులు మాత్రం కొంగులోంచి తీసేవారు కాదు. ఒకరోజు తీగకు చిన్న స్క్రూ బిగించాలి, నా రెండు చేతులూ చాలలేదు. "జర తోక పట్టుకోన్రి టీచర్" అన్నాను. ఆమె వెంటనే కదల్లేదు. తర్వాత కుడిచేయి బయటికి తీసి తోక పట్టుకున్నారు. ఆ చేయి వణకడం మొదలుపెట్టింది. ఆపడానికి ఆమె వేళ్లు బిగించారు, వణుకు ఇంకా పెరిగింది. తోక పర్రుమని చినిగింది. నేను తోకను చూడాల్సింది, ఆమె చేతిని చూశాను. నేను చూడటం ఆమె చూశారు.

"పో" అన్నారు. "ఇంటికి పో ఇగ. రేపటి సంది రాకు."

వెనక దర్వాజా గుండా వచ్చేసి నా గదిలో పడుకున్నాను. నాకు కోపం రాలేదు. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో, తాడు విప్పుతున్నప్పుడు నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

తెల్లారి టీచరే మా ఇంటికి వచ్చారు. అవ్వ, అంటే మా అమ్మ, కుర్చీ వేస్తే కూర్చోకుండా నేరుగా నా గది గడప మీద కూర్చున్నారు. గోడ వైపు చూస్తూ చెప్పారు.

"బళ్లె పరుగుపందెం పెట్టినం. నేను జెండా పట్టుకొని నిలవడ్డ. జెండా దించితె ఉరకాలె. నేను దించకముందే నా చేతుల అది ఊగింది. పోరగాండ్లు ఉరికిండ్రు. వాపస్ పిలిచిన. మల్ల ఊగింది, మల్ల ఉరికిండ్రు. చూసెటోళ్లందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. తెల్లారి రాజీనామ ఇచ్చిన." కొంగు ఇంకా గట్టిగా చుట్టుకున్నారు. "బీమారి పేరు డాక్టర్ చెప్పిండు. నేను ఎవలకు చెప్పలే. కాగజ్‌నగర్ల ఉన్న మా అక్కకు సుత చెప్పలే."

అప్పుడు నేనూ చెప్పాను. తాడు సంగతి, తడిసిన ప్యాంటు సంగతి. అవ్వకు కూడా చెప్పని మాటలు అవి. ఆమె జాలి చూపించలేదు, ధైర్యమూ చెప్పలేదు. లేచి నిలబడి, "పా, తోక అతికిద్దాం" అన్నారు.

విమానం తయారయ్యాక మొదటిసారి పొద్దు పొడవకముందే, మక్కజొన్న కోసిన ఒక మడిలో ఎగరేశాం. చోటు నేనే ఎంచుకున్నాను, ఎవరూ రారని. నేనే విసిరి, నేనే రిమోట్ నడిపాను. విమానం ముక్కు పైకెత్తి గాలిలో ఒక్క క్షణం నిలబడి, వెల్లకిలా పడింది. బ్యాటరీ వెనకగా పెట్టడంతో తోక బరువైంది. అంతలో గట్టు మీద ఎవరో వస్తూ కనిపించారు. నేను ఉరికి పోయి విమానాన్ని తువ్వాల కింద దాచుకుని వచ్చాను.

"ఎందుకు ఉరికినవ్?" అన్నారు టీచర్.

"ఎవలన్న సూస్తరని."

"ఉరికితేనే సూస్తరు. పడ్డకాడికి నడిచి పోవాలె. నా బడి పిల్లలకు గదే చెప్పిన. పరుగుల పడ్డోళ్లు లేసి నడుసుకుంట గీత దాటుండ్రి అని." గట్టు వైపు చూస్తూ అన్నారు: "చెప్పుడైతే చెప్పిన."

బ్యాటరీ ముందుకు జరిపాం. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం అటూ ఇటూ వాలకుండా నిలిచింది. "ఇగ బడి గ్రౌండుకు పోదాం, సాయంత్రం" అన్నారు టీచర్. అవి వడ్ల కొనుగోళ్ల రోజులు. గ్రౌండు నిండా కుప్పలు, తూకం కోసం ఎదురుచూసే రైతులు. వాళ్లలో మా బాపు కూడా ఉన్నాడు.

"అద్దు టీచర్. మడిలనే ఎగరేద్దాం."

"మడిల నువ్వు ఎగరేసినవ్. గ్రౌండుల నేను ఎగరేస్త. నువ్వు విసురు, చాలు."

ఆమె తలుపు తీసి ముందు నడిచారు. అది ముందు దర్వాజా. విమానం పట్టుకుని వెనకే పోయాను. వెలుతురు ఉండగా ఊరి బాట మీద నడిచి ఎన్నాళ్లైందో. ప్రతి అరుగు మీదా మాటలు ఆగినట్టు, అందరూ నా వీపునే చూస్తున్నట్టు అనిపించింది.

గ్రౌండులో టీచర్ కొంగులోంచి రెండు చేతులూ తీసి రిమోట్ పట్టుకున్నారు. నేను విసిరాను. ఈసారి విమానం పడలేదు. మోటారు రొదతో కుప్పల మీదుగా పైకి పోయింది. టార్పాలిన్ల కింద కూర్చున్నవాళ్లు లేచి చూశారు. కానీ అది తిన్నగా ఎగరడం లేదు. తోక అటూ ఇటూ ఊగుతోంది, దానితో పాటు రెక్కలూ ఊగుతున్నాయి. ఆమె వేళ్ల వణుకంతా ఆకాశంలో, ఊరందరికీ కనిపించేటట్టు ఉంది. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. రిమోట్ ఆమె చేతిలోంచి తీసుకుందామని చేయి చాచాను. ఆమె ఇవ్వలేదు.

"టీచరమ్మా, మీ ఇమానానికి సలి పెట్టిందా?" అన్నాడు ఒకాయన. కొందరు నవ్వారు.

టీచర్ విమానం మీది నుంచి చూపు తిప్పలేదు. విజిల్ ఊదిన మనిషి కదా, ఆ గొంతు గ్రౌండు ఆ చివరిదాకా పోయింది. "దానికి కాదు, నాకు. నా చేతులు వణుకుతయి. బీమారి. గందుకే బడి ఇడిసిపెట్టిన."

నవ్వు ఆగిపోయింది. విమానం మలుపు తిరిగి మా వైపు వచ్చింది. అది ఎదురుగా వస్తున్నప్పుడు మన ఎడమ దానికి కుడి అవుతుంది. ఆమె తికమకపడ్డారు. విమానం పోయి ఒక వడ్ల కుప్పలో ముక్కు గుచ్చుకుని పడింది. టీచర్ రిమోట్ నాకిచ్చి, చేతులు రెండూ పక్కన వదిలేసి నడవడం మొదలుపెట్టారు. అవి వణుకుతూనే ఉన్నాయి. నేనూ పక్కన నడిచాను. ఆ కొంచెం దూరం ఎంతకీ తరగలేదు.

కుప్ప దగ్గర నిలబడ్డ ఒక పెద్దమనిషి మంచిగానే అడిగాడు. "తిరుపతీ, ఎప్పుడు పోతున్నవ్‌రా? వీసా వచ్చిందా?"

పక్క కుప్ప దగ్గర బాపు నా వైపే చూస్తున్నాడు. ఆయన కళ్లు ఏం అడుగుతున్నాయో నాకు తెలుసు.

"పోను, పెద్దబాపు" అన్నాను. "పైకెక్కితే నాకు భయమైతది. పని చెయ్యలేకపోయిన. వాళ్లే వాపస్ పంపిండ్రు."

బాపు తువ్వాల దులిపి భుజం మీద వేసుకుని, వడ్లను అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. టీచర్ వంగి విమానాన్ని తీసి చూసి, "ముక్కు ఇరిగింది" అన్నారు. ఆ సాయంత్రం ఆమె నాతో అన్న మాట అదొక్కటే.

చెప్పేస్తే మనసు తేలికవుతుందని అంటారు. నాకు అలా కాలేదు. బాపు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన తిని లేచాక నేను తినేవాణ్ణి. ఊళ్లో కొందరు నన్ను చూసి ఎక్కుతావా అన్నట్టు చెట్టు మీదికి చేయి చూపించి నవ్వేవాళ్లు. అయినా నేను మళ్లీ గదిలోకి పోలేదు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి. టీచర్‌తో కలిసి ముక్కు అతికించి, గ్రౌండులో మళ్లీ మళ్లీ ఎగరేశాం, పడేసుకున్నాం.

ఒక పొద్దున వాకిట్లో బాపు గొంతు వినిపించింది. కరీంనగర్ నుంచి బోరు మోటారు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీతో అంటున్నాడు. "మా పిలగానికి ఎత్తు పడది. గల్ఫ్ నుంచి గందుకే వాపస్ వచ్చిండు. చేతుల పని మంచిగ చేస్తడు. కింద కూసోని చేసేదేమన్న ఉంటె చెప్పు." నా సిగ్గు బాపు నోటి నుంచి వినడం, పరంజా మీంచి దిగడం కంటే కష్టంగా ఉంది. ఆయన ఆ మాట ఎవరి ముందూ ఎన్నడూ అనాల్సిన మనిషి కాదు. నా కోసం అన్నాడు. గోడకు ముఖం పెట్టి ఏడ్చాను. ఆ మేస్త్రీ దగ్గరే వైండింగ్ నేర్చుకున్నాను.

వణుకు ఎక్కువయ్యాక టీచర్‌ను వాళ్ల అక్క కాగజ్‌నగర్ తీసుకుపోయింది. చివరిసారి నేను పోయినప్పుడు ఆమె గొంతు దగ్గరికి వంగితే తప్ప వినిపించేది కాదు. బయట చాయ్ తాగాలని ఉందన్నారు. చేయి పట్టుకుని రోడ్డు మీది హోటల్‌కు తీసుకుపోయాను. గ్లాసు పెదవుల దాకా పోకముందే చాయ్ సగం చీర మీద ఒలికింది. నేను గబగబా చుట్టూ చూశాను.

"ఎవలు సూస్తుండ్రు?" అని అడిగారు.

"ఇద్దరు ముగ్గురు సూస్తుండ్రు, టీచర్."

"సూడనియ్. ఇంకో చాయ్ చెప్పు."

రెండోదీ ఒలికింది. మిగిలినంత తాగి, బాగుందన్నారు.

ఇప్పుడు ఆమె లేరు. నాకు సిగ్గు పోలేదు. అపార్టుమెంటు వాళ్లు వచ్చి పైన ట్యాంకు దగ్గర మోటారు చూడమంటారు. ఇంత మనిషిని, ఎలక్ట్రీషియన్ బోర్డు పెట్టుకున్నవాణ్ణి, ఎక్కలేనని చెప్పాలి. పని ఎక్కువ ఉందనో, మోకాలు నొప్పి అనో అంటే ఎవరూ కాదనరు. అయినా అలా అనను. "నాకు ఎత్తంటే భయం. మీరు మోటారు కిందికి దింపిస్తే చేస్త" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు వేరే షాపుకు పోతారు. వాళ్లు ఏదో ఒకటి అనేదాకా నేను లోపలికి పోకుండా అక్కడే నిలబడతాను.