సున్నం నిలవని గోడ

2006 నాటి మాట. గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తుంటే, చేవెళ్ల, మొయినాబాద్ చేలల్లో హద్దురాళ్లు లేచాయి. రోడ్డు పక్క గోడ ఖాళీగా కనబడితే వెంచర్ ప్రకటన పడాల్సిందే. ఆ రాతల్లో సగం ఎంకపల్లి కన్యక చేతివే. మగవాళ్ల పని అని అందరూ అనుకునే పనికి చీర కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెనెక్కిన మనిషి. దారంతో గీత కొట్టకుండానే అడుగెత్తు అక్షరాలు తిన్నగా రాసేది. కింద కుడిమూలన తన పేరు, ఫోన్ నంబరు. ఏ గోడ ఎవరు రాశారో తెలియాలన్నది ఆ పనివాళ్ల ఆనవాయితీ.

ఒకరోజు భూముల బ్రోకరు ఉదయ్‌భాస్కర్ తన పెళ్లి ఫోటో తెచ్చిచ్చాడు. మొయినాబాద్ బస్టాపు ఎదురుగా, సిమెంటు దుకాణం రాజేశ్వర్ సేటు గోడ మీద కొత్త ఇల్లు గీయాలి. ఇంటి ముందు అతని భార్య స్వప్నిక.

"మా ఇంటామె మంచిగ నవ్వుకుంట ఉండాలె. జూసినోడు ప్లాటు కొనాలె," అన్నాడు.

ఫోటో మసకగా ఉంది. ముఖం ఒకసారి చూసుకుందామని, అతను లేని పూట కన్యక వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసిన స్వప్నిక కొంగు అడ్డం పెట్టుకుంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"ఏమైంది చెల్లె?"

"మెట్ల మీదికెల్లి పడ్డనంట. నా మొగడు కొట్టిండని నేను ఠాణకు పోయి చెప్తే, ఆయన వచ్చి గట్ల చెప్పిండు."

కన్యక ఇల్లంతా చూసింది. నేలమట్టపు పెంకుటిల్లు. ఎక్కడా ఒక్క మెట్టు లేదు.

"పక్కింటోళ్లు ఇనలేదా?"

"గోడకు గోడ ఆనుకొనే ఉన్నరు. ఇంట్ల ఉంటే అన్ని ఇనబడ్తయ్. ఠాణల అడిగితే ఎవ్వలకు ఏం ఇనబడలే. సాక్షి లేకుంటే కేసు మూసేస్తమన్నరక్కా."

"బస్టాపు కాడి గోడ మీద నీ బొమ్మ గీయమన్నడు మీ ఆయన. నేను జూసింది జూసినట్టు గీస్తే?"

స్వప్నిక కొంగు పూర్తిగా తీసేసింది.

"కన్ను సరిగ్గ గీయక్కా. నా మీద జాలిపడి సగం వాపు తీసెయ్యకు."

"అయితే ఇప్పుడే చేవెళ్లకు, మీ తల్లిగారింటికి పో. నువ్వు బస్సెక్కినంకనే నేను కుంచె పడ్త."

రెండు రోజులు పట్టింది. ఇల్లు అతను కోరినట్టే వచ్చింది, గేటు, కొబ్బరిచెట్లతో సహా. దాని ముందు నిలువెత్తు స్వప్నిక, మూసుకుపోయిన ఎడమ కన్నుతో. కింద అడుగెత్తు అక్షరాలు: "మెట్ల మీద పడిందట. ఆ ఇంట్లో మెట్లే లేవు."

ఉదయ్‌భాస్కర్ బూతులు తిట్టాడు. ఈ రోడ్డు మీద ఇంకో గోడ ఎట్లా దొరుకుతుందో చూస్తానన్నాడు. సేటు దుకాణం వదిలి పరుగెత్తుకొచ్చాడు.

"నా గోడ మీద ఈ పంచాది ఏంది? సున్నం కొట్టు, జల్ది!"

"ఆయిల్ పెయింటు మీద సున్నం నిలువది సేటూ. జర వాన పడితే కారిపోతది. గీకి, ప్రైమర్ కొట్టాలె."

"ఇరవయేండ్ల సంది సిమెంటు అమ్ముతున్న. నాకు నేర్పుతవా? కొట్టంటే కొట్టు!"

కొట్టింది. బొమ్మ మాయమైంది. సేటు సంతోషించాడు.

నాలుగో రోజు పొద్దున వాన. సున్నం తెల్లగా కారి మోరీలో కలిసింది. ముందు ఎడమ కన్ను బయటపడింది, ఆ తర్వాత మనిషి, చివరికి అక్షరాలు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చూశారు. వాళ్లలో స్వప్నిక పక్కింటి లక్ష్మమ్మ కూడా ఉంది. బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు.

"నీ బస్సు పాయె గదనే," అంది పక్కనున్నామె.

"పోనీ. ఆమె నన్నే జూస్తున్నట్టున్నది," అని లక్ష్మమ్మ తడుస్తూనే ఠాణాకు నడిచింది. "సార్, మొన్న అబద్ధం చెప్పిన. మూడేండ్ల సంది ఇంటున్నం. ఆ ఇంట్ల మెట్లు లెవ్వు, వచ్చి జూడుండ్రి," అంది. సాయంత్రానికి అటుపక్క ఇంటివాళ్లూ వచ్చారు. కేసు మూతపడలేదు.

కన్యకకు మాత్రం నాలుగు నెలలు ఒక్క గోడా దొరకలేదు. కనకమామిడి తోటల్లో కలుపు తీసింది. మన కళ్లముందు బతికే ఇలాంటి మనుషుల ధైర్యానికి సన్మానాలుండవు, శాలువాలుండవు.

ఆ కేసు విచారణలో ఎస్సై ఆమెనూ పిలిపించాడు.

"బొమ్మ గీసింది ఎవరో కనుక్కుందామని పిలిచిన."

"కనుక్కునేదేమున్నది సార్?" అంది కన్యక. "కింద కుడిమూలకు పేరున్నది, నంబరున్నది. అది గూడ వానకు పోలే."