మాస్టారి ఖాళీ స్టూలు

ఏదైనా నిండుగా కనిపిస్తే చాలు, కాలేజీలో అందరూ 'ఖాళీ మాస్టారు' అని పిలుచుకునే ఆయన ప్రాణం విలవిల్లాడిపోయేది. కప్పు నిండా టీ పోస్తే అందులో సగం బేసిన్ పాలే. బీరువాలో ఒక అర ఎప్పుడూ బోసిగా ఉండాల్సిందే. ఇక బల్ల పక్కనున్న స్టూలు మీద ఈగ వాలినా ఊరుకునేవారు కాదు.

"ఆ సంచి తియ్యమ్మా."

"నిమిషంలో తీసేస్తా సార్."

"నిమిషంలో ఎవరైనా రావచ్చు."

ఎవరూ వచ్చేవారు కాదు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి సంచి భుజానేసుకుని, నవ్వాపుకుంటూ బయటపడేది.

ఆ ల్యాబులో పని కూడా ఖాళీలతోనే. ఒక ద్రవంలో బోలు పంజరాల్లాంటి అణువులు తేలుతుంటాయి. ద్రవం తాలూకు అణువులు లావు, వాటిలో దూరలేవు. అందుకే లోపల చోటు మిగులుతుంది. గ్యాసు పంపితే ఆ చోట్లో సర్దుకోవాలి, అడిగినప్పుడు బయటికి రావాలి. అమ్మాయి ఎంత బతిమాలినా గ్యాసు గడప తొక్కలేదు. ఏమైందని మాస్టారు అడిగితే, "వచ్చేస్తుంది సార్" అని గుమ్మంలోంచే పారిపోయేది. చివరికి ఆ సాయంత్రం, పరిశోధన బాగోగులు తేల్చే కమిటీకి చూపించలేకపోతే చదువు అక్కడితో సరి అనేదాకా వచ్చింది.

మధ్యాహ్నం సామాను సర్దుకుని, వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చింది.

"కూర్చో" అన్నారు మాస్టారు.

చూస్తే స్టూలు ఒక్కటే ఉంది.

"అది ఖాళీగా ఉండాలి కదా సార్?"

"ఇన్నాళ్లూ ఉందిగా. ఇప్పుడు నువ్వొచ్చావు."

కూర్చోగానే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. మాస్టారు ఓదార్చలేదు. కిటికీ వైపు తిరిగి, ఆమె ఏడుపు తీరేదాకా తన సగం కప్పు తాగారు. ఆ తర్వాత తాపీగా అడిగారు.

"ఫ్లాస్కు దేంతో కడిగావు?"

"క్లోరోఫామ్‌తో సార్."

"ఆరనిచ్చావా?"

"తొందర్లో... దులిపేశా."

"ఇంకేం! క్లోరోఫామ్ అణువులు చిన్నవి, పంజరాల్లో ముందే దూరి కూర్చున్నాయి. గ్యాసు ఎక్కడ కూర్చుంటుంది పాపం?"

ద్రవాన్ని వెచ్చచేసి పంపు పెట్టి లాగితే క్లోరోఫామ్ పోయింది. చల్లారాక గ్యాసు బుద్ధిగా లోపలికెళ్లింది. సాయంత్రం కమిటీ ముందు ఆమె ఆ ద్రవంలో అదే క్లోరోఫామ్ చుక్కలు వేసింది. అది మళ్లీ లోపలికి దూరుతుంటే, గ్యాసు బుడగలు బుడగలుగా పైకి తేలింది. అమ్మాయి చదువు నిలబడింది.

మెచ్చుకోవడానికి మాస్టారి గదికొచ్చిన కమిటీ పెద్దాయన తన సంచిని స్టూలు మీద పెట్టాడు. మాస్టారు నోరు తెరిచేలోగా అమ్మాయి అందుకుంది.

"ఆ సంచి తియ్యండి సార్."

"నిమిషంలో తీసేస్తానమ్మా."

"నిమిషంలో ఎవరైనా రావచ్చు సార్. నేనొచ్చాగా."

మాస్టారు లేచి, పెద్దాయన కోసం తెచ్చిన టీలో సగం బేసిన్‌లో పోసి, మిగతా సగం మర్యాదగా అందించారు.