తెల్లారకముందు పుట్టిన పిల్లది ఏ రోజు?

మా చిన్నప్పుడు... ఓ పొద్దున, మా ఐదో తరగతి బోర్డు మీద నిన్నటి తారీఖు సరిగ్గా చెరగలేదు. తడిగుడ్డతో తుడిచినా, ఆరేసరికి ఎనిమిది అంకె పొగలా మళ్ళీ పైకి తేలింది. దాని పక్కన నేను ఆ రోజు తారీఖు వేయాలి... తొమ్మిది.

మా కాన్వెంటులో అదో ఆనవాయితీ. పుట్టినరోజు వచ్చిన పిల్ల ఆ పొద్దున బోర్డు మీద ఆ తారీఖు విశేషాలు రాయాలి. ఆ రోజున లోకంలో ఏం జరిగింది, ఎవరెవరు పుట్టారు... అన్నిటి కింద, చిట్టచివర, తన పేరు. సాయంత్రం దాకా ఎవరూ చెరపకూడదు.

నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ చివరి పంక్తి ఎంతో కావాలనిపించేది. మహారాజుల కింద, దేశాలు కనిపెట్టిన వాళ్ళ కింద నా పేరు... ఎవరితోనూ మాట్లాడక్కర్లేకుండా.

చాలా ముందు నుంచే లైబ్రరీలో ఓ లావుపాటి పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. కిటికీలోంచి ఎండ బల్ల మీద మెల్లగా జరిగేది... దూరంగా యార్డులో రైలు పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు. నా తారీఖు కింద ఒక పెద్ద వంతెన మీద మొదటి రైలు నడిచిందని ఉంది. తోకచుక్కల కోసం ఏళ్ళ తరబడి ఆకాశం చూసిన ఒకాయన పుట్టాడనీ ఉంది.

ఆయనా నేనూ ఒకే రోజు... మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో ఇంటికి వస్తూ పైకి చూస్తూ నడిచేదాన్ని. సైకిళ్ళ వాళ్ళు గంట కొట్టి పక్కకు తప్పుకునేవారు.

చిక్కల్లా ఒక్కటే. బడిలో నా పుట్టినరోజు తొమ్మిది. ఇంట్లో ఎనిమిది.

నేను పుట్టింది అర్ధరాత్రి దాటాక, తెల్లారకముందు. నాన్న రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేసేవాడు. రైళ్ళకు సున్నా గంటలకే తారీఖు మారిపోతుంది, బడిలో రాయించిందీ అదే. నాన్నను కన్న మా మామ్మకు మాత్రం సూర్యుడు రానిదే రోజు మారదు. ఆదివారం చర్చి తప్పని మనిషి... పంచాంగం మొహం చూసి ఎరగదు. అయినా ఈ ఒక్క లెక్క వదల్లేదు.

"సూరీడు లెగకుండా రోజెలాగ మారిపోతాది? మీ రైలోళ్ళు గంట కొట్టి మార్సీసినారేటి?" అనేది.

"నీ సూరీడు కోసం మెయిలు ఆగదు కదా అమ్మా," అని నాన్న నవ్వేవాడు.

"ఆగకపోతే పోనీ. మెయిలుకి పాయసం వొండుతున్నానేటి నేను?"

అలా ఎనిమిదిన పాయసం, కొత్త గౌను. తొమ్మిదిన మా ఇంట్లో రేడియో కూడా పెట్టేవాళ్ళు కారు.

ఆ ఏడు ఎనిమిదో తారీఖు సాయంత్రం, పాయసం తింటూ మామ్మకు బోర్డు సంగతి చెప్పాను. రేపు నా పేరు రాస్తానన్నాను.

మామ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"రేపు నువ్వు పుట్టనేదు."

"బడిలో అలాగే ఉంది మామ్మా."

"బడికేటి తెలుసు? లోకంలో జరిగినవన్నీ రాసుకో. నీ పేరు మాత్రం అందులో వొద్దు గుంటా."

నాన్న వైపు చూశాను. డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "సున్నా గంటలకే మారుతుందని నువ్వే అంటావు కదా నాన్నా?"

ఈసారి ఆయన నవ్వలేదు. "రైళ్ళ సంగతి వేరమ్మా... ఇది మామ్మ సెప్పినట్టే," అన్నాడు.

మర్నాడు బోర్డు మీద వంతెన రాశాను. తోకచుక్కలాయన్ని రాశాను. చివరి పంక్తి దగ్గర సుద్దముక్క ఆగిపోయింది. దాన్ని పళ్ళెంలో పెట్టేసి నా చోటుకు వచ్చి కూర్చున్నాను.

"అరే, అప్నా నామ్ తో లిఖ్," అంది నా పక్క హిందీ పిల్ల, నీ పేరు రాయవే అన్నట్టు మోచేత్తో పొడుస్తూ.

సిస్టర్ వచ్చి బోర్డు అంతా చదివింది. "మరి నీ పేరేది?" అంది.

"నాది నిన్న, సిస్టర్."

క్లాసంతా ఘొల్లుమంది. "నిన్నటి బర్త్‌డేకి ఇవాళ బోర్డా!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. సిస్టర్ దగ్గరకు వచ్చి వంగింది. మా మామ్మకు తెల్లారితేనే రోజు మారుతుందని, నేను తెల్లారకముందు పుట్టానని, ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఆమె బోర్డు వైపు చూసి, సుద్దముక్క తీసుకుని, పొగలా మిగిలిన ఆ ఎనిమిది కింద నా పేరు రాసింది. చిన్న అక్షరాలతో.

"ఇది ఇంకా పోలేదు కదా," అంది.

తోకచుక్కలాయన మాత్రం తొమ్మిదిలోనే ఉండిపోయాడు...

సాయంత్రం మామ్మకు చెప్తే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది. "సిస్టరమ్మకి తెలిసింది," అంది. తరవాత, "నిన్నటి పాయసం కూసింత ఉంది, తింతావేటి?" అని అడిగింది.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ఏ తారీఖున ఎవరు పుట్టారో, ఏం జరిగిందో వరసగా వచ్చేస్తుంది. పన్నెండు దాటగానే శుభాకాంక్షలు వచ్చి పడతాయి... సూర్యుడి కోసం ఎవరూ ఆగరు. మీ ఇళ్ళల్లో తెల్లారకముందు పుట్టిన పిల్లలకు పుట్టినరోజు ఎప్పుడు చేసేవారు? రాయండి... అన్నీ చదువుతాను.

నేను ఇప్పటికీ ఎనిమిదినే పాయసం చేసుకుంటాను. నన్ను కన్న కాసేపటికే అమ్మ, ఆ తొమ్మిదో తారీఖున, సూర్యుడు వచ్చాక చనిపోయింది.