రూతు చెప్పిన సమాధానం

1968 వానాకాలానికి హౌరా జిల్లా కోర్టులో నా ప్రాక్టీసు మొదలై మూడేళ్ళు. తెలుగు వకీలు ఉన్నాడని విని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ నుంచి యోహాను వచ్చాడు. యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. భార్య టైఫాయిడ్‌తో పోయి రెండు నెలలు. ఆమె మొదటి భర్తకు పుట్టిన రూతును మూడో ఏట నుంచీ ఇతనే పెంచాడు. పిల్లకిప్పుడు పదకొండేళ్ళు. చనిపోయిన తండ్రి అన్న విశాఖ నుంచి వచ్చి, మా రక్తం, మేం తీసుకుపోతామని పట్టుబట్టాడు.

“దత్తత రాయించియ్యండి బాబూ,” అన్నాడు యోహాను.

దత్తత చట్టం హిందువులకే ఉంది, క్రైస్తవులకు లేదన్నాను. మిగిలిన దారి, సంరక్షకుడిగా నియమించమని జిల్లా జడ్జిని అడగడం. అదీ పిల్లకు ఇరవై ఒకటి నిండేదాకానే. దాంతో వారసత్వం రాదు.

“మరైతే ఆ పిల్ల నాకేటీ అవదా?”

కాగితం మీద అవదని చెప్పాను. అతను దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

పెదనాన్న అభ్యంతరం దాఖలు చేశాడు. రక్తసంబంధానికి కోర్టు విలువ ఇస్తుంది కనుక నాకు భయంగానే ఉంది. విచారణ రోజు వరండాలో రూతును పక్కకు పిలిచి, జడ్జిగారు అడిగితే యోహానును ‘మా నాన్న’ అనమని చెప్పాను. ఆమె వెళ్ళి యోహాను పక్కన కూర్చుంది.

జడ్జి పిల్లను తన గదిలోకి పిలిపించారు. వకీళ్ళం ఇద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. బయట కూర్చున్నాయన ఎవరని ఆయన బెంగాలీలో అడిగారు.

“యోహాను. మా నాన్న చనిపోయాడు,” అంది రూతు, బెంగాలీలోనే.

అవతలి వకీలు నావైపు చూశాడు.

మరి ఆయన దగ్గరే ఎందుకుంటానంటున్నావని జడ్జి అడిగారు.

“అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎలా ఉందో రోజూ ఉన్నదున్నట్టు చెప్పేవాడు. పోయిందనీ తనే చెప్పాడు. పెదనాన్నేమో నాతో, పది రోజుల కోసమే ఊరు తీసుకెళ్తానంటున్నాడు. తిరిగి పంపడని నాకు తెలుసు.”

జడ్జి ఏదో రాసుకున్నారు. వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. సంరక్షకుడు యోహాను. పెదనాన్న సెలవుల్లో వచ్చి చూడవచ్చు. అనుమతి లేకుండా పిల్లను కోర్టు పరిధి దాటించకూడదు. వారసత్వం మాట మిగిలింది కాబట్టి యోహాను చేత ఆ నెలలోనే వీలునామా రాయించాను.

ఆ తర్వాత ఏ కేసులోనూ పిల్లలకు సమాధానం నేర్పలేదు. రూతు నా మాట విని ‘మా నాన్న’ అని ఉంటే, అది నేర్పిన మాటేనని తెలిసిపోయేది. జడ్జి వేసే రెండో ప్రశ్నకు ఆమె చెప్పేది ఎవరూ నమ్మేవారు కాదు.