రాయి తగిలాక ఇంకా ఎంత లోతు?

1949 ఎండాకాలం. హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా సముద్రపు ఒడ్డున ఇనుము కరిగించే కార్ఖానాకు చోటు వెతకమని ఒక ప్రైవేటు కంపెనీ ఉత్తర కోస్తాకు పంపిన బృందంలో నేనూ ఉన్నాను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది, దాచుకోను.

మాది ఖాజాగూడ. ఉర్దూలో చదువుకుని ఇంజనీరింగు పాసై అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరాను. నాతో వచ్చిన బోరింగు ముఠా కూడా ఖాజాగూడ, మణికొండ, తెల్లాపూర్‌లలో బావులు తవ్వేవాళ్లే. వాళ్ల పెద్ద మల్లయ్య నాకు వరసకు కాక అవుతాడు. మా అందరికీ పైన చీఫ్ ఇంజనీరు శేషగిరిరావు గారు. ఆయనది గోదావరి డెల్టా. కాలువలూ లాకులూ కట్టి జుట్టు నెరిసిన మనిషి.

మొదటి రోజే మా పరువు పోయింది. బోరింగు సామాను మోసే మూడుకాళ్ల స్టాండును, నేల చదునుగా ఉంది కదా అని తడి ఇసుకలో నిలబెట్టి అన్నాలకు వెళ్లాం. తిరిగొచ్చేసరికి పోటు వచ్చి తాళ్లన్నీ సముద్రంలో తేలుతున్నాయి. నీళ్లు నడిచి వస్తాయని ముందే ఎవరూ చెప్పలేదేమని మల్లయ్య కాక సముద్రాన్నే కోప్పడ్డాడు. శేషగిరిరావు గారు పొట్ట పట్టుకుని నవ్వి, ఆ రోజు నుంచి మమ్మల్ని చెరువు ఇంజనీర్లు అని పిలవసాగారు.

కార్ఖానా ఒడ్డునే ఎందుకంటే, బొగ్గు ఓడలో రావాలి, ఇనుము ఓడలో పోవాలి. కానీ ఓడ ఒక్కటే చాలదు. ఇనుము కరిగించే ఫర్నేసు మేడంత బరువు. కింద నేల ఒక పక్క కాస్త కుంగినా అది ఒరుగుతుంది. ఒరిగితే కరిగిన ఇనుము కింద పనిచేసే వాళ్ల మీద పడుతుంది. అందుకే ముందు ట్రయల్ బోరింగు చేస్తాం. అంటే, బరువైన ఉక్కు ఉలిని తాడుతో ఎత్తి వేస్తూ సన్నటి రంధ్రం చేసుకుంటూ పోయి, బెడ్‌రాక్ ఎక్కడుందో చూడటం. బెడ్‌రాక్ అంటే అడుగున భూమితో ఏకమై ఉన్న అసలు బండ.

మేం చూసిన చోట ఒక కొండ, దాని పక్కన ఉప్పుటేరు ఉన్నాయి. కొండ పాదం దగ్గరి నేల శేషగిరిరావు గారికి తెగ నచ్చింది. ఓడలు దగ్గరికి వస్తాయి, ఏ ఊరినీ ఖాళీ చేయించక్కర్లేదు. ఏటి అవతల ఒక మిట్ట కూడా ఉంది కానీ, అక్కడికి వంతెన కట్టాలి. కొండ పాదం దగ్గర వేసిన బోరులో ఉలి ఖంగుమనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. జీవితమంతా బురదలో పునాదులు వేసిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? రాయి దొరికిందని అప్పటికప్పుడు యజమానికి టెలిగ్రాం ఇచ్చారు. యజమాని శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించుకున్నాడు.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఖాజాగూడలో పుట్టినవాడు రాయిని చూడగానే నమ్మడు. మా దగ్గర ఎటు చూసినా పెద్ద రాతిగుండ్లే, గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు. బావి తవ్వేటప్పుడు రాయి తగిలితే అది విడిగా పడి ఉన్న గుండా, కింద పరుచుకున్న పరుపుబండా అని తేలేదాకా ఆపం. ఎన్నో బావుల్లో గుండు కింద మళ్లీ మట్టే వచ్చింది. ఇక్కడ పైన చూస్తే కొండ, ఒకప్పుడు దాని మీదినుంచి రాళ్లు దొర్లి ఉండవా? ఇంకా లోతుకు పోదామని అడిగాను.

శేషగిరిరావు గారికి చిరాకు వేసింది. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనయ్యా. యజమానిగారు వచ్చేదాకా నీ ఇష్టం, కొట్టుకో. రాయి రాయిగానే ఉంటే మాత్రం నువ్వూ నీ ముఠా హైదరాబాదు రైలెక్కండి."

ఆ ఏడాది మా వైపు పోలీసు చర్య నాటి గొడవలు సద్దుమణిగినా పనులింకా మొదలుకాలేదు. ఈ పని పోతే ముఠావాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగదు. అందుకే వాళ్లకు విషయం దాచకుండా చెప్పి, ఆపమంటే ఆపుతానని అన్నాను.

మల్లయ్య కాక బీడీ పక్కన పెట్టాడు. "మనూర్ల గిట్లనే సగం తవ్వి బాయి అయిపోయిందంటే ఒప్పుకుంటమా, బిడ్డా? రేపు ఆ కొలిమి కింద నిలబడేటోళ్లు గూడ మనసొంటోళ్లే గద. కొడదాం తియ్యి."

కొట్టాం. రోజూ రాతిపొడే పైకి వచ్చేది, రోజూ నా ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేవాణ్ణి. శేషగిరిరావు గారు పొద్దున్నే వచ్చి పొడిని చూసి, ముహూర్తానికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్క చెప్పి వెళ్లేవారు. తిట్టినా బాగుండేది.

ముహూర్తం రేపనగా మధ్యాహ్నం తాడు ఉన్నట్టుండి వదులైంది. ఉలి జారి కిందికి దిగబడింది. బెయిలరు, అంటే అడుగున మూత ఉన్న గొట్టం, దింపి తీస్తే నీలం రంగు బంకమట్టి వచ్చింది. అందులో చిన్న చిన్న గవ్వలు. మల్లయ్య కాక ఒక గవ్వను అరచేతిలో పెట్టుకుని నా వైపు చూశాడు. ఇంటిపైకప్పంత గుండు సముద్రపు బురద మీద కూర్చుని మమ్మల్ని మోసం చేసింది.

శేషగిరిరావు గారు వచ్చి ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపారు. మట్టి సంగతి ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. "దీని మీద నేను గొడ్లసావిడి కూడా కట్టను" అన్నారు మెల్లగా. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఎలుక దొరికిందయ్యా" అన్నారు. ఆ సాయంత్రమే ముహూర్తం ఆపించమని తన పేరుతోనే టెలిగ్రాం ఇచ్చారు. తప్పు మా మీదికి నెట్టలేదు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజుతో రెట్టింపైంది.

ఏటి అవతల మిట్ట మీద ఉలి ఖంగుమన్నప్పుడు మేమెవరమూ నోరు తెరవకముందే ఆయనే "ఆపకండి" అన్నారు. అక్కడ ఎంత కొట్టినా రాయి రాయిగానే ఉంది. ఫర్నేసు అక్కడే లేచింది. మొదటిసారి ఇనుము పారిన రోజు దాని కింద నిలబడి మల్లయ్య కాక తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఎనభై దాటి ఇప్పుడు మణికొండలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. మొన్న ఖాజాగూడ వైపు నడుస్తుంటే, మేం ఆడుకున్న గుండ్ల పక్కనే పెద్ద టవరుకు బోరింగు జరుగుతోంది. ఊరుకోలేక అక్కడున్న కుర్ర ఇంజనీరును పిలిచి, రాయి తగిలాక ఇంకా ఎంత లోతు పోతారని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"రాయి తగలగానే ఎవరు ఆపుతారు సార్? లోపలికి పోయి చూసుకోవాలి గదా. అది రూలే."

ఆ రూలు మేం పెట్టింది కాదు. కానీ అది ఎందుకు ఉందో మా చేతులకు తెలుసు. ఇంటిదాకా తల ఎత్తుకుని నడిచాను.