ఖాళీ గడి నింపిన మేస్త్రీ

ముందే చెప్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి సగంలో ఆపేసినవాణ్ణి. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. ఈ కాగితం మీద కొట్టివేతలు చూసి మా ఆవిడ "గిది రాసినవా, దున్నినవా?" అంది. తప్పు నాది, ఓపిక మీది.

నేను టైల్స్ మేస్త్రీని. ఉండేది సీతాఫల్‌మండిలో. బడి ఎందుకు ఆపానంటే, దారిలో వీడియో గేముల దుకాణం ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే ఆకాశం నుంచి పురుగులు దిగేవి, కింద నుంచి ఓడతో కాల్చాలి. పురుగులూ ఓడా అన్నీ చిన్న చిన్న గళ్ళతో చేసిన బొమ్మలే. నేను పాసైన పరీక్ష అదొక్కటే.

రెండేళ్ళ కింద నేరేడ్‌మెట్‌లో పనికి పోతుంటే ఒక గోడ మీద అచ్చం అలాంటి ఓడ కనిపించింది. రంగుతో వేసింది కాదు, టైల్ ముక్కలతో అతికించింది. బండి ఆపి దగ్గరికి పోయాను. మొదట అనుకున్నది, లెవల్ లేదని. తర్వాత అనుకున్నది, ఇది నాకు కావాలని.

వేసింది ఒక అమ్మాయి. గోడ మీద పెద్దది వేసి, అదే బొమ్మను పలకల మీద చిన్నగా ఇరవై మాత్రమే చేసి అమ్ముతుంది. ఇరవై అయ్యాక మళ్ళీ చేయదు. అలా ఓడ కొన్నాను. తర్వాత పురుగు కొన్నాను. తర్వాత ఇంకో పురుగు.

"ఏందయ్యా గిది? మన బాత్రూంల ఒక్క టైలు లేదు, గోడకేమో గీ పురుగులా?" అంది మా ఆవిడ.

"గియి లోకంల ఇరవయ్యే ఉంటయే."

"మంచిదే. ఇరవై ఒకటోది ఉంటే లోకం ఆగమైతుండె."

ఒకటే లోపం. ప్రతి పలకలోనూ ఒక ముక్క లేదు, ఆ గడి ఖాళీగా ఉంది. పాపం కొత్త పిల్ల, అతికించడం సరిగా రాదనుకున్నాను. చెప్తే చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు. మా పనిలో ఒక్క గడి వదిలేసి వస్తే ఇంటివాళ్ళు గేటు దాకా తరుముతారు. అందుకని రంగు కలిసే ముక్కల కోసం దుకాణాల వెనక పారేసిన పెచ్చులన్నీ వెతికి, మంచి గమ్ముతో అతికించి, సందుల్లో తెల్ల సిమెంటు నింపాను. ఎక్కడ అతికించానో నాకే కనపడనంత బాగా.

మొన్న చలికాలంలో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. బొల్లారంలో ఒక హాలులో ఓడ పలకలు ఇరవయ్యీ ఒకే గోడకు పెడుతోందట, కొన్నవాళ్ళు ఎవరిది వాళ్ళు తేవాలట. ప్రతిదాని కింద అది ఎవరిదో పేరు అచ్చు వేసిన చీటీ ఉంటుందట. నా పేరు అచ్చులో, గోడ మీద, పదిమంది చూసేలా! వారం రోజులు అన్నం సహించలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పలక చంకన పెట్టుకుని, మా ఆవిడను వెంటబెట్టుకుని పోయాను.

తక్కినవాళ్ళ పలకలు చూశాను. అన్నిటికీ ఒక్కో గడి ఖాళీ! నాదొక్కటే నిండుగా ఉంది. ఛాతీ ఉబ్బిపోయింది. పక్కనున్న కళ్ళద్దాల సారుతో, "సార్, మీది సుత ఊడింది. జెర ఆగున్రి, సామాను బండిలనే ఉంది, పది నిమిషాల్ల పెట్టిస్త" అన్నాను. ఆయన తన పలకను రెండు చేతులతో పొట్టకు అదుముకున్నాడు.

ఇంతలో ఆ అమ్మాయి వచ్చి నా పలకను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"అన్నా, దీన్ల ఖాళీ గడేది?"

"నింపేసిన అమ్మా. నీకు చెప్పి పరేషాన్ చేసుడెందుకని."

"అయ్యో అన్నా! ఆ ఖాళీయే దీని నంబరు. ఒక్కోదాన్ల ఒక్కో జాగల కావాలనే ఇడుస్త. గిప్పుడు గిది ఎన్నోదో నాకే తెల్వది."

కోప్పడినా బాగుండేది. నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. "నువ్వు పెట్టింది తీసెయ్ అన్నా, అప్పుడు గోడకు పెడదాం" అంది.

ఉలి తెచ్చుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. నేను పెట్టిన ముక్క ఏదో గుర్తు రాలేదు. అనుమానమున్నదాన్ని ఒక దెబ్బ వేశాను. టక్కున ఊడింది. అంత తేలిగ్గా ఊడిందంటే నాది కాదు, ఆమెది. ఇక నాది దొరకలేదు, దొరికినా ఊడేది కాదు.

ఆమె వచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అన్నా, గా జాగల ఖాళీ ఉన్నది కళ్ళద్దాల సారుది! గిప్పుడు రెండిటికీ ఒకటే నంబరు!"

గోడకు పందొమ్మిది పలకలే ఎక్కాయి. నా చీటీని మాత్రం ఆమె తీయలేదు. దాని పైన ఒక్క మేకు. వచ్చినవాళ్ళందరూ అక్కడే ఎక్కువసేపు ఆగారు. ఒకామె నా పేరు పైకే చదివి, "మరి బొమ్మేది?" అని అడిగింది.

"బయట మెట్ల మీద ఉన్నదమ్మా, రిపేర్ల" అంది మా ఆవిడ.

ఇక్కడికి ఆపుతున్నాను. ఇన్ని మాటలు రాయడం ఇదే మొదటిసారి. ఎక్కడైనా తప్పు రాసి ఉంటే నవ్వుకోండి, కానీ నవ్వాక క్షమించండి.