ఒకటి తక్కువ

అరవైల మొదట్లో ముత్తుకూరు పక్క పల్లెలో ఐదు తరగతులకూ నేనొక్కణ్ణే అయ్యవారిని. పొద్దున అరిచిన గొంతు మధ్యాహ్నానికి పనికొచ్చేది కాదు. విసుగంతా బెత్తంలోకి దిగేది.

మూడో తరగతిలో ఒక రైతు కూతురు ఉండేది. ఎనిమిదీ ఐదూ కూడమంటే పలక మీద గీతలు గీసి, లెక్కపెట్టి, పన్నెండు అనేది. తొమ్మిదీ ఆరూ పద్నాలుగు అనేది. ఎప్పుడూ ఒకటి తక్కువే. కొట్టాను, ఎక్కాలు వల్లె వేయించాను. పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేస్తున్నావని మాత్రం అడగలేదు. ఈసారీ పరీక్ష తప్పితే బడి మాన్పిస్తానని వాళ్ల నాయన ముందే చెప్పాడు. అయినా పరీక్ష తప్పిందనే రాశాను. దీనికి లెక్కలు రావని ఆయనతో అన్నాను కూడా.

సెలవులకు ఊరెళుతూ వాళ్ల కళ్లం పక్కగా నడిచాను. నాయన కుంచంతో వడ్లు కొలుస్తున్నాడు, కూతురు లెక్క చెబుతోంది. మా వైపు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. రెండోదాన్ని రెండనే అంటారు. వీళ్లు మాత్రం ఆ లాభాన్ని దేవుడి పాలుగా పక్కన పోసి, తర్వాతి కుంచం దగ్గర ఒకటి మొదలుపెట్టారు. నలభై దాకా ఆ పిల్ల ఎక్కడా తడబడలేదు. పలక మీద మొదటి గీతను కూడా అలాగే దేవుడికి వదిలేసిందన్నమాట.

గట్టు దిగి ఆయనతో, తప్పు నాదేనని, పిల్లను నాలుగులో వేసుకుంటానని చెప్పాను.

"లెక్కలు రావని మీరే గదయ్యా చెప్పినారు. రేపటి నుంచి కలుపుకి పోతాది," అన్నాడాయన, కుంచం దించకుండానే.

తర్వాత ఎన్నో ఏళ్లు, తప్పు చేసిన ప్రతి పిల్లనూ "ఎట్టా చేసినావో చెప్పు" అని అడిగాకే దిద్దాను. సాయంత్రానికి ఒళ్లు హూనమయ్యేది. అయినా ఆ కళ్లంలో నేను చూసిన ఆ పిల్ల ముఖం మరపు రాలేదు.

ఆ రోజు చివరి ఆశగా పిల్లనే అడిగాను, "బడికి వస్తావా అమ్మా?" అని.

తల ఎత్తలేదు. "నాకు లెక్కలు రావు గదా అయ్యవారూ," అంది.

నేను చెప్పిన వాటిలో అదొక్కటే దానికి గట్టిగా పట్టుబడింది.